పత్రికను పోషించిన వారెవరు?

రాయపూరులో కాపురముండు తెలుగువారిలో సప్రే పాఠశాల నెరుగనివారు అరుదు. లఖే నగరము నెరుగనివారు అంతకంటె అరుదు. ఒకటి పిల్లలను దింపివచ్చు చోటు, మరొకటి రిక్షావానికి చెప్పు గుర్తు. ఐతే ఈ రెండు పేర్లును ఒకప్పుడు ఒకే మాసపత్రికతో ముడివడి యుండెనన్న సంగతి మనలో పెక్కుమందికి తెలియదు. నాకును చాలకాలము తెలియలేదు.

1900వ సంవత్సరము జనవరి నెలలో బిలాసపూరు జిల్లాయందలి పెండ్రా అను చిన్న జమీందారీ గ్రామమునుండి ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ అను హిందీ మాసపత్రిక వెలువడెను. మాధవరావు సప్రే, రామరావు చించోల్కర్ గారలు సంపాదకులు. రాయపూరు వాస్తవ్యులైన వామన బలీరామ్ లఖే గారు ప్రచురణకర్త. ఇండ్లలో మరాఠీ మాటాడు కుటుంబములవారు వీరు. పొరుగు భాషలో, పొరుగు నేలపై, రైలుబండి అప్పుడప్పుడే అడుగిడిన అడవిసీమలో పత్రిక పెట్టిరి. సప్రే గారు 1871లో పుట్టినవారు, పట్టభద్రులు. సర్కారు కొలువు తలుపు తట్టినను వలదనుకొని పెండ్రా జమీందారు బిడ్డలకు చదువు చెప్పుచుండిరి. సర్కారు కొలువునే నమ్ముకొన్న మనబోటివారికి ఈ ముక్క కొంచెము చురుకు పుట్టించునది.

పత్రిక తొలుత రాయపూరులోను, పిమ్మట నాగపూరులోను అచ్చుపడెను. హిందీలో గ్రంథవిమర్శకు మార్గము వేసినవానిలో ఇది యొకటని సాహిత్యచరిత్రకారులు లెక్కింతురు. హిందీ కథానికలలో మొదటి వరుసకు చెందిన ‘ఏక్ టోకరీ భర్ మిట్టీ’ 1901లో దీనియందే వెలువడెను. ఇంతటి పత్రిక మూడేండ్లు మాత్రమే బ్రదికెను. 1902 డిసెంబరుతో ఆగిపోయెను. విషయము లేక ఆగలేదు, వ్రాయువారు లేక ఆగలేదు. ఖర్చునకు సరిపడు రాబడి లేక ఆగినది.

ఈ ముక్క చదివినప్పుడు నాకు కలిగిన సందేహమే ఈ వ్యాసమునకు మూలము. మంచి పత్రిక, చదువు పాఠకులు, పట్టుదలగల సంపాదకుడు, ఈ మూడును ఉన్నచోట గూడ పత్రిక ఏల చచ్చును? అంతకంటె తక్కువ యోగ్యత గల పత్రిక ఒక్కొక్కటి ఏబదియేండ్లు ఏల నిలుచును? మన తెలుగు పత్రికల చరిత్రను ఈ ప్రశ్నతో తిరుగవేయగా, సాహిత్యచరిత్రలో కనబడని కొన్ని ముఖములు కనబడినవి.

మొదట లెక్క చూతము. ఊరక లెక్కకొరకే ఒక మాసపత్రికను ఊహించుకొందము. అక్షరములు కూర్చుటకు, అచ్చుతప్పులు దిద్దుటకు, బొమ్మల దిమ్మెలకు, సంపాదకుని జీతమునకు, కార్యాలయపు అద్దెకు కలిపి సంచికకు 1,000 రూపాయలు అగుననుకొందము. ఒక్క ప్రతి వేసినను ఈ ఖర్చు అంతే, పదివేలు వేసినను అంతే. ఆపైన కాగితము, సిరా, కుట్టుపని, తపాలా కలిసి ప్రతి ఒక్కింటికి 1 రూపాయి. 500 ప్రతులు వేసినచో ఒక్కొక్కటి 3 రూపాయలు పడును. 5,000 వేసినచో 1 రూపాయి 20 పైసలే పడును. వెల 2 రూపాయలు పెట్టి, అందులో నాలుగవ వంతు ఏజెంటు కమీషనుగా పోయినదనుకొందము. చేతికి వచ్చునది రూపాయిన్నర. మొదటి పత్రికకు ప్రతి ఒక్కింటిపై రూపాయిన్నర నష్టము, రెండవదానికి ముప్పది పైసల లాభము. 2,000 ప్రతులు నికరముగ అమ్ముడుపోయినగాని సరికిసరి కాదు. ఏజెంట్లు అమ్ముడుపోని ప్రతులను తిరుగగొట్టుట, బాకీలు ఎగవేయుట ఈ లెక్కలో చేర్చనేలేదు.

తెలుగు పత్రికకు ఇంకొక భారము కూడ నుండెడిది. ఇంగ్లీషు అక్షరములు కూర్చువాని యెదుట ఉండు గళ్లు కొద్ది. తెలుగు కూర్చువాడు గుణింతములు, ఒత్తులు, సంయుక్తములు కలిపి వందలకొలది గళ్లలో చేయి ఆడించుచు, తలకట్టు ఊడిన అక్షరమును ఏరి పారవేయుచు నిలువబడి పనిచేయవలెను. అదే పుటకు ఎక్కువ గంటలు, ఎక్కువ సీసము. సీసపు అక్షరముల కాలము గతించి ఇప్పుడు అన్నియు యంత్రపు తెరపైననే జరుగుచున్నవిగాని, మన పత్రికలు పుట్టి పెరిగిన దినములలో ఈ శ్రమ అంతయు మొదటి ప్రతి ఖర్చులోనే చేరెడిది.

కావున ఐదువందల పత్రిక రెండువేల పత్రిక అగు వరకు గల ఆ నడుమకాలమును మోయుటకు ఎవరో యొకరు కావలెను. చదువరి యిచ్చు వెల పత్రికకు సాధారణముగ చాలదు. మిగిలినది ఎవ రిచ్చిరి?

మొదటి పోషకుని పేరు చెప్పిన చదువరులు నవ్వుదురేమో. తపాలాశాఖ. మన దేశమున వి.పి. పద్ధతి 1877లోను, మనియార్డరు 1880లోను ఏర్పడినవి. ఈ రెండును లేనిచో చెన్నపట్టణమున అచ్చైన పత్రికకు నాగపూరులో చందాదారుడన్న మాటయే యుండదు. 1898 నాటి పోస్టాఫీసు చట్టము రిజిస్టరైన పత్రికలకు తక్కువ తపాలా రుసుము ఏర్పరచెను. దానికి రెండు షరతులు ముఖ్యము. పత్రిక 31 దినములకు మించని వ్యవధిలో వెలువడుచుండవలెను. నిజమైన చందాదారుల పట్టిక దానికి ఉండవలెను. మొదటి షరతువలన మాసపత్రికకు రాయితీ దక్కెను, త్రైమాసికమునకు తప్పిపోయెను. సాహిత్యమునకు ముప్పదియొక్క దినముల గడువు పెట్టినది ఏ కవియు కాదు, శాసనకర్త. రెండవ షరతు ఇంకను చిత్రమైనది. చందాదారుడు నిజముగ ఉన్నాడా యని సంపాదకుని కంటె ముందు సర్కారు అడిగినది. మన కాలములో గూడ చాల యేండ్లు ఏబది గ్రాముల లోపు విడి ప్రతిని దేశమున ఏ మూలకైనను 25 పైసలకే చేరవేసిరి. ఆ ఖర్చు అంతకు ఎన్నియో రెట్లని తపాలాశాఖలో పనిచేయు మిత్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ 1898 చట్టము పోయి 2023 నాటి క్రొత్త చట్టము 2024 జూనులో అమలులోనికి వచ్చినది. 1867 నాటి పత్రికల రిజిస్ట్రేషను చట్టమునకు గూడ అదే యేడు మార్చిలో కాలము చెల్లినది.

ఈ తపాలా సంచి మన ప్రాంతమునకు చేసిన యుపకార మొకటి చెప్పవలసి యున్నది. సప్రే గారు పెండ్రాలో పత్రిక నడుపుచుండిన ఆ మూడేండ్లలోనే, ఇవే మధ్యపరగణాలలో, ఒక తెలుగు ఇల్లాలు కథలు వ్రాయుచుండెను. ఆమె భండారు అచ్చమాంబ గారు. భర్త మాధవరావు గారి ఉద్యోగరీత్యా వారి కాపురము ఈ ప్రాంతమున సాగెను. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు అక్కగారి యింట నుండి నాగపూరులో చదువుకొనిరి. చదువు నేర్పు బడి లేని ఆ యిల్లాలికి తమ్ముని చదువే తోడయ్యెను. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువడెను. 1902లో ఏలూరునుండి సత్తిరాజు సీతారామయ్య గారు ‘హిందూసుందరి’ అను స్త్రీల పత్రికను స్థాపించిరి. మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి గారలు దానికి సంపాదకురాండ్రు. ఆ సంవత్సరముననే ‘ధనత్రయోదశి’ కథ అందు అచ్చుపడెను. తెలుగు కథానిక పుట్టుకను చర్చించువా రెవరును నేడు ఆ కథను దాటి పోలేరు.

అచ్చమాంబ గారు 1905లో, ముప్పదియేండ్ల ప్రాయమున, బిలాసపూరులో కన్నుమూసిరి. మనము ప్రతి సంవత్సరము ఏదో పనిమీద పోయివచ్చు బిలాసపూరు అది. ఏలూరుకును మధ్యపరగణాలకును నడుమ ఆనాడు ఉండినది ఒక తపాలా బిళ్ల మాత్రమే. ఈమెను తలచుకొన్నప్పుడు రెండవ పోషకుడు కూడ తెలియవచ్చును. ఆనాటి చిన్న పత్రికలలో వ్రాసినవారికి పారితోషిక మిచ్చుట సాధారణముగ లేదు. వ్రాతకాగితము, సిరా, తపాలా ఖర్చు రచయితవే, ఆ పైన రచన కూడ ఉచితమే. పత్రిక లెక్కల పుస్తకములో ఈ పద్దు ఎక్కడను కనబడదు. కాని రచయితకు సరియైన కూలి కట్టియుండినచో ఆ పత్రికలలో సగము మొదటి సంచికతోనే మూతబడియుండును.

కందుకూరి వీరేశలింగము గారు ‘వివేకవర్ధని’ని 1874లో ప్రారంభించినప్పుడు అది చెన్నపట్టణమున అచ్చై రాజమహేంద్రవరమునకు రావలసి వచ్చెను. ప్రూఫులు పడవలపైనను బండ్లపైనను ప్రయాణము చేసిన కాలమది. అందుచేత త్వరలోనే రాజమహేంద్రవరములో సొంత ముద్రాక్షరశాల ఏర్పరచుకొనిరి. పత్రిక ఉన్నప్పుడు పత్రిక, లేనప్పుడు బయటి పని. శుభలేఖలు, పాఠ్యపుస్తకములు, కరపత్రములు వేసిన కూలి పత్రిక నష్టమును పూడ్చును. ఈ పద్ధతి తరువాత తెలుగుదేశమున పెక్కు పట్టణములలో నడచినది. శుభలేఖ సాహిత్యమును పోషించినదనుట హాస్యము కాదు.

ఐతే పత్రికాపోషణమును ఒక శాస్త్రముగ నడిపి చూపినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. కృష్ణా మండలములోని ఎలకుర్రులో 1867లో జన్మించి, వర్తకము చేసికొని బ్రదుకుటకు బొంబాయి చేరిన వారాయన. 1893లో అమృతాంజనమును స్థాపించిరి. తలనొప్పికి పూసికొను ఆ పచ్చని మందును సంగీతసభలలో ఉచితముగ పంచిపెట్టి జనులకు అలవాటు చేసిరని ప్రసిద్ధి. రాగము విని తల యూపువారికి తలనొప్పి మందు ఇచ్చుట ఎంత చమత్కారమో, వ్యాపారముగ అంత తెలివి. 1907లో సూరతు కాంగ్రెసు మహాసభకు పోయినప్పుడు తెలుగువారికి తగిన పత్రిక యొకటి కావలెనని ఆయనకు తోచెను. 1908 సెప్టెంబరులో బొంబాయి నుండియే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగా వెలువడెను. తెలుగునేలకు ఎంతయో దూరమున, మరాఠీ గుజరాతీ పట్టణమున పుట్టిన పత్రిక అది. 1914లో చెన్నపట్టణమునకు తరలి ఏప్రిలు 1వ తేదీనుండి దినపత్రిక అయ్యెను. 1924 జనవరిలో ‘భారతి’ మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల. ఈ వరుసలో అడుగడుగునను వెనుక నిలిచినది ఆ చిన్న సీసా.

పంతులు గారిని దాతయని కీర్తించుట మనకు అలవాటు. విశ్వదాత యన్న బిరుదు ఊరక రాలేదు. కాని దాతృత్వమని సరిపెట్టుకొన్నచో ఆయన వ్యాపారబుద్ధికి అన్యాయము చేసినవారమగుదుమని నా యభిప్రాయము. మందునకును పత్రికకును ఉన్న చుట్టరికము చూడుడు. రెండును చిన్న వెల వస్తువులు. రెండింటికిని ఊరూర ఏజెంటు కావలెను. రెండును వి.పి.లో పోవును. రెండింటిని కొనువాడు వస్తువును పరీక్షించి కొనడు, పేరును నమ్మి కొనును. మందు అమ్మిన ఏజెంటే పత్రిక అమ్మవచ్చును, పత్రిక తెప్పించిన గ్రామాధికారియే మందు తెప్పించవచ్చును. పత్రికలో మందు ప్రకటనకు బయట చెల్లింపవలసిన సొమ్ము ఇంటిలోనే మిగులును. అనగా మందు పత్రికకు ధనము నిచ్చినది, పత్రిక మందునకు పేరు నిచ్చినది. రెండు జేబులును ఒకే చొక్కావి. భారతి వంటి పరిశోధనపత్రిక, శాసనములు, ఛందస్సు, చరిత్రచర్చలు నిండిన పత్రిక, తన చందాలతో తాను బ్రదుకగలదని పంతులు గారు ఎన్నడైన భ్రమించిరని నేననుకొనను. ఆ వ్యాసములు చదువగలవారు ఊరికి ఇద్దరు. కాని ఆ ఇద్దరికొరకు పత్రిక నడచుటయే ఆ పత్రికకు గౌరవము తెచ్చినది.

ఇది యొక్కరి విపరీతము కాదనుటకు మరొక నిదర్శనమున్నది. చెన్నపట్టణమున కేసరి కుటీరమును స్థాపించి స్త్రీల వ్యాధులకు ‘లోధ్ర’ అను ఔషధమును అమ్మిన డాక్టరు కోట నరసింహ కేసరి గారు 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను ప్రారంభించిరి. మందు కొనువారును పత్రిక చదువువారును ఒకరే, గృహిణులు. ఇంతకంటె సూటియైన లెక్క ఏ వ్యాపారశాస్త్రములోను చూపలేరు. ఆయన 1934 నుండి రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణ మిచ్చి సత్కరించుట కూడ ఆరంభించిరి. కూలి యెరుగని రచయిత్రికి బంగారు కంకణము దొరికిన దిక్కడనే.

ఇట్టి పోషణమున ఒక లోపము కలదు. పోషకుని ప్రాణముతో పత్రిక ప్రాణము ముడిపడి యుండును. నాగేశ్వరరావు గారు 1938లో దివంగతులైరి. అల్లుడు శివలెంక శంభుప్రసాదు గారు ఆ భారమును 1972లో తాము మరణించు వరకు మోసిరి. అటుపిమ్మట మరి కొంతకాలము. 1991లో ఆంధ్రపత్రికయు భారతియు ఆగిపోయినవి. అమృతాంజనము 1936లోనే ప్రత్యేక కంపెనీగా ఏర్పడి యుండెను. అది నేటికిని మన యింటి అలమారులో ఉన్నది. మందు మిగిలినది, దాని బలముతో పుట్టిన పత్రిక మిగులలేదు.

మందుల బలము కాక వేరొక దారి పట్టినది ‘చందమామ’. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు చెన్నపట్టణమున తెలుగులోను తమిళములోను దీనిని ఆరంభించిరి. వారికి అప్పటికే అచ్చు వ్యాపారమున్నది, తరువాత విజయావారి చలనచిత్రములు వచ్చినవి. పోషణకు ఆ బలము లేకపోలేదు. కాని చందమామ తెలివి అంతయు మరొకచోట ఉన్నది. పిల్లల పత్రికకు ఖర్చెక్కువ బొమ్మలపైననే. రంగుల బొమ్మ ఒకమారు వేయించినచో దానిని ఎన్ని భాషలలో వాడుకొన్నను చిత్రకారునికి ఇచ్చునది ఒకమారే. కథ మారదు, బొమ్మ మారదు, అక్షరము మాత్రము మారును. 1949లో హిందీ చందమామ వచ్చెను, పిమ్మట మరెన్నియో భాషలు చేరినవి. నేను పైన వేసిన లెక్కలో వెయ్యి రూపాయల మొదటి ఖర్చును పది భాషలమీద పంచినచో ఏమగునో చదువరులే చూచుకొనవచ్చును. ఒక భాషలో రెండువేలమంది దొరకనిచో పది భాషలలో కలిపి దొరుకుదురు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుండి 1980లో మరణించు వరకు ఆ తెలుగును తీర్చిదిద్దిరి. శంకర్, చిత్రా, వడ్డాది పాపయ్య గారల కుంచెలు భాషలన్నింటిని ఏకము చేసినవి.

నా బాల్యము గడచినది ఇట్టి ఉద్యోగుల వాడలోనే. 1980ల చివరిమాట. మా యింటికి తెలుగు చందమామ, గోడ యవతల యింటికి హిందీ చందమామ వచ్చెడివి. పొరుగింటి బాలుడును నేనును రెండింటిని ప్రక్కప్రక్క పరచి, ఒకే భేతాళుడు, ఒకే విక్రమార్కుడు, ఒకే చెట్టు, క్రింద మాత్రము వేరు గీతలు ఉండుట చూచి ఆశ్చర్యపడుచుంటిమి. నాకు హిందీ చదువుట బడిలోకంటె ఆ గోడవద్దనే యెక్కువ వచ్చినది. అది దేశభాషల ఐక్యతకై ఎవరో చేసిన యేర్పాటని పెద్దయిన తరువాత చాలకాలము అనుకొంటిని. బొమ్మల ఖర్చు తగ్గించుకొనుటకు చేసిన యేర్పాటని ఇప్పుడు తెలిసినను, నా సంతోషము తగ్గలేదు.

కాగితము మాట చెప్పకున్న ఈ చరిత్ర పూర్తికాదు, అందులోను మన ప్రాంతమునకు సంబంధించిన కథ అది. పత్రికకాగితము చిరకాలము విదేశములనుండియే వచ్చెడిది. మధ్యప్రదేశమున ఖండ్వా ప్రాంతపు అడవులలో నేపానగరమున స్థాపించిన మిల్లు 1955లో ఉత్పత్తి ప్రారంభించెను. 1956లో నెహ్రూ గారు దానిని జాతికి అంకితము చేసిరి. సలై కలపను, వెదురును నలిపి కాగితము చేసినారు. ఛత్తీస్‌గఢ్ 2000లో వేరుపడు వరకు రాయపూరును నేపానగరమును ఒకే రాష్ట్రమువి. దేశపు అక్కర అంతయు ఆ మిల్లు తీర్చలేకపోయెను. అందుచేత ఎవరికెంత కాగిత మియ్యవలెనో సర్కారు నిర్ణయించు కాలము వచ్చెను. పుటల సంఖ్యను బట్టి దినపత్రిక వెల నిర్ణయించు ఉత్తర్వును సకాల్ పత్రికవారి వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1961లో కొట్టివేసినది. పుటలు, వెల, ప్రకటనలు, పాఠకుల సంఖ్య, వీటిలో ఒకదానిని లాగినచో తక్కినవన్నియు కదలునను సంగతి ఆ తీర్పు చదివినవారికి తేటపడును. పత్రికల ప్రతుల లెక్కలు చూచుటకు 1956లో రిజిస్ట్రారు కార్యాలయము ఏర్పడినది. ప్రకటనకర్తల నిమిత్తము ఆడిట్ బ్యూరో 1948లోనే పుట్టినది. అమ్ముడైన ప్రతులెన్నియో తెలియనిదే ప్రకటన యిచ్చువాడు డబ్బు ఇయ్యడు గదా.

అటుపైని వారపత్రికల యుగము. 1952లో ‘ఆంధ్రప్రభ’ సచిత్రవారపత్రిక, 1967లో ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రిక, 1984లో ‘స్వాతి’ వారపత్రిక. వీటి కిటుకు ధారావాహిక నవల. వారము వారము కథను ముడి విప్పక ఆపినచో చదువరి వచ్చువారము దుకాణమువద్ద నిలుచును. సంవత్సరపు చందా కట్టించుకొనుటకు పడిన పాట్లు లేకయే చదువరి చందాదారుడగును. ప్రతులు పెరిగినవి, ప్రతులతోబాటు సబ్బులు, చీరలు, నూనెల ప్రకటనలు పెరిగినవి. రచయితకు, ముఖ్యముగ రచయిత్రికి, పారితోషిక మనునది నిజముగ ముట్టిన కాలము ఇదియే. ఈ యుగమును తేలికగ చూచు పండితులు ఈ యొక్క విషయము మరువరాదు. తరువాత అదే ధారావాహిక టెలివిజనునకు పోయినది, ప్రకటనలు దాని వెంట పోయినవి. చందమామ 1998లో ఒకమారు ఆగి, మరుసటి యేడు లేచి, 2013 నాటికి శాశ్వతముగ ఆగెను. 1978లో పుట్టిన ‘విపుల’, ‘చతుర’ 2021లో ముగిసినవి.

ఇంతవరకు ఇతరుల లెక్కలు చెప్పితిని. నాదొకటి చెప్పుకొనవలసి యున్నది. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక తెలుగు సాహిత్య మాసపత్రికకు చందా కట్టితిని. సంవత్సరము నిండినది. రెండవ యేడు చందా పంపుడని సంచికలో అచ్చుకాగితము పెట్టి పంపిరి. పంపుదమనుకొంటిని. ఆ తరువాత మూడు నెలలు చందా లేకయే సంచికలు వచ్చినవి, చదివితిని. నాలుగవ నెల చేతివ్రాతతో కార్డు వచ్చినది. సంపాదకుడు తానే వ్రాసినాడు. ఆయన తపాలా ఖర్చు నా బాకీలో ఎంత భాగమో నేను లెక్కవేయలేదు. నాకు అప్పుడే బదిలీ అయినది, కార్డు ఏ దస్త్రములోనో పడిపోయినది. కొన్నియేండ్లకు ఆ పత్రిక ఆగిపోయినదని వింటిని. సప్రే గారి పత్రిక మూతబడిన వైనము చదువునప్పుడు ఆ కార్డు మీది వ్రాత నా కన్నులయెదుట నిలిచినది. నష్టమున్నచోట నష్టము తెచ్చినవాడును ఒకడుండును.

ఈ సంచికకు ప్రకటనలు పోగుచేయు పని ఈ సారి నాకు అప్పగించిరి. మన సంఘపు సంచికకు వెల లేదు. చివరి పుటలలోని ప్రకటనలే దీని కాగితము, దీని అచ్చుకూలి. సాయంకాలము కార్యాలయము విడిచిన తరువాత అంగడివీథులలో తిరిగితిని. గోల్ బజారు దగ్గర ఒక బట్టల దుకాణపు పెద్దాయన, తెలుగు అక్షరము ముక్క రానివాడు, రసీదు పుస్తకమును అటునిటు త్రిప్పి, ఇది చదువువారు ఊరిలో ఎందరని హిందీలో అడిగినాడు. ఉన్నంత చెప్పితిని. కొంచెముసేపు ఆలోచించి అర పుట ఇచ్చినాడు. ప్రకటన హిందీలో వేయుదుమంటిని. వలదన్నాడు, మీ లిపిలోనే వేయుడు, మా తండ్రి పేరు ఆ గుండ్రని అక్షరములలో ఎట్లుండునో చూడవలెనన్నాడు. రెండు ప్రతులు తనకు తప్పక పంపుడని చెప్పి, చిరునామా నా చేతనే తెలుగులో వ్రాయించి బల్ల అద్దము క్రింద పెట్టుకొనినాడు.